యూనిట్ ధర దగ్గరే ఆగిపోకు

అమ్మాయీ,

కరెంటు బిల్లుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. అందులోని కోపం నాకు నచ్చింది. కానీ అదంతా శ్లాబుల చుట్టూనే తిరిగింది. డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) ఖర్చులో సింహభాగం కరెంటు కొనుగోలుదే కనుక నీ వెతుకులాట కొనుగోలు ఒప్పందాల దగ్గర మొదలు కావాలి. ఒక విద్యుత్ కేంద్రంతో పాతికేళ్లకు ఒప్పందం కుదిరిందంటే, ఆ కేంద్రం ఉత్పత్తికి సిద్ధంగా ఉన్నంతకాలం, డిస్కం కరెంటు తీసుకోకపోయినా దానికి స్థిర ఛార్జీ చెల్లించాల్సిందే. డిమాండును అతిగా అంచనా వేసి సంతకాలు చేసినవాళ్లు ఆ డబ్బు కట్టరు. రెండు గదుల ఇంట్లో ఒక్క ఫ్యానుతో గడుపుకునేవాళ్లు కడతారు. నువ్వు పట్టుకోవలసిన అన్యాయం ఇదే.

దాన్ని నిలదీసే చోటు ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ కమిషన్, జరిపే బహిరంగ విచారణ. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ టారిఫ్ (ఛార్జీల) ఉత్తర్వు ఇవ్వాలి. డిస్కంలు తమకు ఎంత ఆదాయం కావాలో లెక్కగట్టి సమర్పించే ఏఆర్‌ఆర్ నివేదిక చదువు. విసుగు పుడుతుంది, అయినా కొనుగోలు పట్టికలు వదలకు. ఏ కేంద్రం నుంచి ఎంత కొన్నారో, యూనిట్ ఎంతకు పడిందో అక్కడే బయటపడుతుంది.

2022 డిసెంబరు నాటి కేంద్ర నియమాలు ఇంధన, కొనుగోలు ఖర్చుల పెరుగుదలను నెలనెలా దానంతటదే బిల్లులో కలిపే దారి తెరిచాయి. ముందు వసూలు, తర్వాత పరిశీలన! తర్వాత లెక్క సరిచూస్తారు, నిజమే. అప్పటికే ఇల్లాలి చేతిలోని డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. విచారణ లేకుండా ఈ సర్దుబాటు వేయకూడదని గట్టిగా రాయి.

రాయితీల విషయంలో మాత్రం జాగ్రత్త. పేదలకు ఉచిత కరెంటు వద్దనే వాదనలో చేరకు. రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని 65వ సెక్షన్ చెబుతోంది. అది ఎప్పుడు జమ అయిందో అడుగు. ఆలస్యమైతే డిస్కం అప్పు చేయాల్సి వస్తుంది, ఆ భారం మళ్లీ సంస్థ నెత్తినే పడుతుంది.

2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపును నిరసిస్తూ కదిలినవాళ్లపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నీ వయసు పాఠకులకు ఆ రోజు తెలియదు. తప్పక చెప్పు.

ఈసారి విచారణ ప్రకటన రాగానే గడువు చూసుకుని, వ్యాసానికి ముందు అభ్యంతరం రాసి పంపు. దాని ముసాయిదా నాకూ పంపితే పట్టికలు ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో.