ముందు పత్రం చదువు, వ్యాసం తర్వాత

చిరంజీవి అనూషకు,

పెదనాన్న ఆశీస్సులు. అమెరికా చరిత్ర చదవాలనుంది, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని అడిగావు. లావుపాటి పుస్తకాలేవీ ఇప్పుడే కొనకు. తొలి వలసల నుంచి నేటి దాకా వరసపెట్టి చదవబోతే రెండు నెలల్లో విసుగొస్తుంది. ఒక్క ప్రశ్న పట్టుకో. నన్నడిగితే అంతర్యుద్ధంతో మొదలుపెట్టమంటాను: దక్షిణాది రాష్ట్రాలు 1860-61లో ఎందుకు విడిపోయాయి? దీనికి మూలపత్రాలు బోలెడున్నాయి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ల అవలాన్ ప్రాజెక్ట్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటు, ఈ రెండూ నీకు చాలాకాలం సరిపోతాయి.

యుద్ధం బానిసత్వం గురించి కాదు, కేంద్రం జోక్యం లేకుండా రాష్ట్రాలు తమ నిర్ణయాలు తామే తీసుకునే హక్కుల కోసం జరిగిందని ఎవరో ఒకరు నీకు చెప్తారు. పొలం తగాదాలో దస్తావేజు చూడకుండా పెద్దమనుషులు తీర్పు చెప్పరు కదా, నువ్వూ అలాగే విడిపోయిన రాష్ట్రాలు స్వయంగా రాసిపెట్టిన కారణాలు ముందు చదువు. సౌత్ కరోలినా ప్రకటన 1860 డిసెంబరు నాటిది. పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదని, అందుకు అడ్డుపడే చట్టాలు చేసుకున్నాయని అందులో పెద్ద ఫిర్యాదు. అంటే సౌత్ కరోలినాకు కోపం తెప్పించినవాటిలో ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కును వాడుకోవడం కూడా ఉంది! మిసిసిపీ ప్రకటనలో ఇంత వెతుక్కునే పని కూడా లేదు. తమ వైఖరంతా బానిస వ్యవస్థతోనే ముడిపడి ఉందని మొదట్లోనే చెప్పేస్తుంది.

ఆ తర్వాత అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ను చదువు. విడిపోయిన రాష్ట్రాలు కలిసి ఏర్పరచుకున్న దక్షిణాది సమాఖ్యకు ఉపాధ్యక్షుడు. 1861 మార్చి 21న జార్జియాలోని సవానాలో మాట్లాడుతూ, నల్లవాళ్లు తెల్లవాళ్లతో సమానం కారన్నదే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. యుద్ధం ఓడిపోయాక, 1868 నుంచి రెండు సంపుటాలుగా వెలువడిన తన పుస్తకంలో అదే మనిషి గొడవంతా రాజ్యాంగం గురించి, కేంద్రం అధికారాల గురించి అని వాదించాడు. రెండూ ఆయన మాటలే, మధ్యలో ఓటమి ఉంది. అందుకే ఏ కాగితం చేతికొచ్చినా ముందు తేదీ చూడు, ఎవరిని ఉద్దేశించి రాశారో చూడు. అది మన చేతికి ఎలా వచ్చిందో కూడా చూడు. సవానా ప్రసంగం పాఠం పత్రికా విలేకరి రాసుకున్నది. ఆ నోట్సు సరిగ్గా లేదని, తాను హడావిడిగా దిద్దానని స్టీఫెన్సే తర్వాత చెప్పుకున్నాడు. దాన్నిబట్టి ప్రసంగాన్ని పక్కన పడేయనక్కర్లేదు. ఒక్కో పదం మీద మాత్రం మరీ పెద్ద వాదన కట్టకు.

తేదీ ఎంత పని చేస్తుందో లింకన్ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్క బానిసనూ విడిపించకుండా దేశాన్ని కాపాడగలిగితే అలాగే చేస్తానని 1862 ఆగస్టు 22న హొరేస్ గ్రీలీ అనే సంపాదకుడికి రాశాడు. ఆ ఒక్క వాక్యం చూపించి లింకన్‌కు బానిసల గోడు పట్టలేదనేవాళ్లున్నారు. కానీ సరిగ్గా నెల ముందు, జూలై 22నే, బానిసల విముక్తి ప్రకటన ముసాయిదాను ఆయన తన మంత్రులకు చదివి వినిపించాడు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఆయన ఎవరిని ఒప్పించడానికి ఆ ఉత్తరం రాశాడో ఆలోచించు.

నాయకుల కాగితాలతోనే ఆగిపోవద్దు తల్లీ. ఒహాయోలో మీ కొలంబస్ నుంచి డేటన్ ఊరు ఎంతో దూరం కాదు. బానిసత్వం నుంచి బయటపడి అక్కడ స్థిరపడిన జోర్డన్ ఆండర్సన్ 1865 ఆగస్టులో టెనెస్సీలోని తన పాత యజమానికి ఒక ఉత్తరం చెప్పి రాయించాడు. తిరిగొచ్చి పని చేయమని అడిగిన ఆ యజమానికి ఎంతో మర్యాదగా లెక్క చెప్తాడు: తనకు 32 ఏళ్ల జీతం, నెలకు 25 డాలర్ల చొప్పున, భార్య మ్యాండీకి 20 ఏళ్ల జీతం, వారానికి 2 డాలర్ల చొప్పున, మొత్తం 11,680 డాలర్లు పంపితే మీ మాట నమ్ముతాం అంటాడు. కూతుళ్లకు అక్కడ రక్షణ ఉంటుందా, పిల్లలకు బడి ఉందా అని కూడా అడుగుతాడు. ఎన్నిసార్లు చదివినా నా గుండె బరువెక్కుతుంది. అయినా దీన్నీ ప్రశ్నించే చదవాలి. రాసిన చెయ్యి వేరు, పైగా అది పత్రికలో అచ్చయింది. చరిత్రకారులు అక్కడితో ఊరుకోకుండా జనాభా లెక్కలు తిరగేశారు. ఆయన కుటుంబం డేటన్‌లో కనిపించింది.

1936-38 మధ్య ప్రభుత్వం సేకరించిన మాజీ బానిసల జ్ఞాపకాలు 2,300కు పైగా ఉన్నాయి. చెప్పినవాళ్లు ముసలివాళ్లు, ఆకలి రోజులు, అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. పాత యజమాని మంచివాడని చెప్పిన మాట కనిపిస్తే, ఎదురుగా ఎవరు కూర్చుని అడిగారో గుర్తుపెట్టుకో.

ఇవన్నీ చదివి, నీకంటూ ఒక అభిప్రాయం కుదిరాకే చరిత్రకారుల వ్యాసాల జోలికి వెళ్లు. ముందే వెళ్తే వాళ్ల కళ్లతోనే పత్రాలు చూస్తావు. వ్యాసానికీ తేదీ ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్, ఆయన శిష్యులు యుద్ధానంతర పునర్నిర్మాణ కాలాన్ని నల్లవాళ్ల చేతగానితనం వల్ల చెడిపోయిన పాలనగా రాశారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో అదే నడిచింది. నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1910లో ఒక వ్యాసంతో, 1935లో పెద్ద పుస్తకంతో దాన్ని ఎదిరించి, ఆ పునర్నిర్మాణ కాలపు ప్రభుత్వాలే దక్షిణాదిలో ప్రభుత్వ బడులకు పునాది వేశాయని చూపించాడు. ఆ పుస్తకం చివరి అధ్యాయం తప్పకుండా చదువు. సాటి చరిత్రకారులు ఏ ఆధారాలను లెక్కచేయలేదో అందులో సూటిగా అడుగుతాడు. మా రోజుల్లో ఇలాంటి వ్యాసాల కోసం ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాళ్లం. నీకు ఆ అవస్థ లేదు, ఊళ్లో లైబ్రరీ కార్డు తీసుకుంటే చాలు.

వ్యాసం చదివేటప్పుడు ఫుట్‌నోట్లు వదిలేయకు. ఏదో ఒకటి పట్టుకుని అసలు పత్రం దాకా వెళ్లి చూడు. రచయిత కత్తిరించి వదిలేసిన ముందు వాక్యం, తర్వాత వాక్యం చదువు. మొదట్లో నిదానంగా సాగుతుంది, టెన్షన్ పడకు.

ఈ వారం మిసిసిపీ ప్రకటన, స్టీఫెన్స్ ప్రసంగం, ఆండర్సన్ ఉత్తరం చదివి, నీకు అర్థంకాని చోట్లన్నీ ఒక పేజీలో రాసి పంపు. ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం. అల్లుడుగారిని, పిల్లలను అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న