సందేహాలు – సమాధానాలు: అమరికా, అమర్పా, సెట్టింగా?

సందేహం: కంప్యూటర్‌ను తెలుగులోకి మార్చుకొన్నాను. ఒకచోట 'సెట్టింగ్‌లు', ఇంకోచోట 'అమరికలు', వేరొక సాఫ్ట్‌వేర్‌లో 'అమర్పులు', మరొకదానిలో 'ప్రాధాన్యతలు' అని కనిపిస్తున్నాయి. 'అప్రమేయ అమరికలు' అన్నచోట ఏం నొక్కాలో తెలియక ఆగిపోయాను. వీటిలో సాధువైనది ఏది? నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్‌ను 'కార్య నిర్వాహణి' అనవచ్చా? — ఒక పాఠకుడు

సమాధానం: చిన్నవి ముందు తేల్చుకొందాం. 'ప్రాధాన్యత' తప్పు. ప్రధానమైనదాని భావమే ప్రాధాన్యం. దానికి మళ్లీ 'త' తగిలించడం గొడుగు మీద గొడుగు పట్టడం. పత్రికలు పట్టాయి, టీవీలు పట్టాయి, ఇప్పుడు తెర మీది మెనూ కూడా పట్టింది. పైగా ఈ మాటకు మూలమైన 'ప్రిఫరెన్సెస్' అనే పేరే వెనకబడుతున్నది. మాక్ కంప్యూటర్లలో ఏళ్ల తరబడి ఉన్న 'సిస్టమ్ ప్రిఫరెన్సెస్' 2022లో వెంచురా అనే వెర్షన్‌తో 'సిస్టమ్ సెట్టింగ్స్' అయింది. మూలంలోనే పోయిన మాటకు మనం తప్పుడు అనువాదాన్ని కాపాడుకోవడం దేనికి?

'నిర్వాహణి' కూడా కుదరదు. పఠనం చేసేవాడు పాఠకుడు, నిర్వహణ చేసేవాడు నిర్వాహకుడు. 'అక' చేరినప్పుడు వచ్చే దీర్ఘం 'అన' చేరినప్పుడు రాదు. 'పాఠనం చేస్తున్నాను' అని ఏ పాఠకుడూ అనడు కదా, మరి 'నిర్వాహణ' అని ఇంతమంది ఎందుకు రాస్తున్నారో! టాస్క్ మేనేజర్‌కు తెలుగు పేరు కావాలంటే 'కార్య నిర్వాహకం' అనండి. పనిముట్టుకు 'డు' తగిలించి మగవాణ్ణి చేయనక్కరలేదు. నిజానికి టాస్క్ మేనేజర్ అన్నా నష్టం లేదు, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది.

ఇక అసలు మాట, 'అమరిక'.

దీనికి ధాతువు 'అమరు'. ఇది అచ్చ తెలుగు. దక్షిణాదిన దీనికి తోబుట్టువులున్నాయి. తమిళంలో 'అమర్' అంటే కుదురుగా కూర్చొను, స్థిరపడు. కన్నడంలో అంటిపెట్టుకొని ఉండు అనే అర్థం బలపడింది. తెలుగులో 'తగినచోట తగినట్లు కుదురుకొను' అనే అర్థం నిలిచింది. తలుపు చట్రంలో అమరకపోతే ఈడుస్తుంది, రంగు మనిషికి అమరకపోతే కంటికి కొడుతుంది. పద్యకవులు 'అమర', 'అమరగ' అని క్రియావిశేషణంగా వాడారు. 'సొంపుగా' అని దానికి అర్థం. చాలాచోట్ల గణం నింపడానికి మించి పని లేకుండానూ వాడారు. గణం చాలకపోతే 'అమరన్', యతి కుదరకపోతే 'ఒప్పన్'!

భూతకాలంలో 'అమరింది' అనాలా, 'అమిరింది' అనాలా అని వెంటనే ఇంకొక ఉత్తరం వస్తుంది గనుక ముందే చెబుతున్నాను. చెదరు – చెదిరింది, బెదరు – బెదిరింది, అదరు – అదిరింది. అదే వరసలో అమరు – అమిరింది. వెనక వచ్చే ఇకారం ముందున్న అచ్చును తనవైపు లాక్కొన్నది. అయితే నామవాచకంలో ఆ లాగుడు లేదు. కదిలింది గాని కదలిక, అమిరింది గాని అమరిక. 'అమిరిక' అని రాసేవారు దయచేసి 'కదిలిక' అని కూడా రాసి చూసుకోండి, తప్పు చెవికే తెలుస్తుంది.

ఇప్పుడు 'అమర్పు' సంగతి. 'అమరు'కు ప్రేరణ రూపం 'అమర్చు'. చేరు – చేర్చు, మారు – మార్చు, తీరు – తీర్చు అన్నట్లే. 'ర్చు'తో ముగిసే ఈ క్రియలకు 'పు' చేరితే మార్పు, తీర్పు, కూర్పు పుడతాయి. అలాగే అమర్పు. రెండింటికీ ఉన్న తేడా చేరిక, చేర్పు అనే జంటలో తేటగా కనిపిస్తుంది. చేరిక తనంతట కలిగిన దగ్గరితనం, చేర్పు ఒకరు పనిగట్టుకొని చేసినది. 'మార్పులు చేర్పులు' అంటాం, 'మార్పులు చేరికలు' అనం. కాబట్టి అమరిక స్థితి, అమర్పు చేత.

ఈ తేడా పండితుల చాదస్తం అనుకోకండి. ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటు వచ్చే పనిముట్లన్నీ ఈ గీత మీదే నడుస్తాయి. విండోస్‌లో సర్వీసుల, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాముల, జాబితా తెరిచి చూడండి. 'స్టేటస్' (స్థితి) ఒక నిలువు వరుస, 'స్టార్టప్ టైప్' (మొదలయ్యే తీరు) ఇంకొకటి. మొదటిది ఇప్పుడున్న అమరిక, రెండవది మనం చేసే అమర్పు. నడుస్తున్న సర్వీసుకు స్టార్టప్ టైప్ 'డిసేబుల్డ్' అని మార్చి, అది ఇంకా నడుస్తూనే ఉందేమని కంగారుపడేవారు చాలామంది. అమర్పు మారింది, అమరిక మారలేదు, అంతే. దాన్ని వేరుగా 'స్టాప్' నొక్కి ఆపాలి, లేదా యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టాలి. 'మాన్యువల్', 'డిసేబుల్డ్' కూడా ఒకటి కావు. మొదటిదానిలో అవసరం పడితే వేరొక ప్రోగ్రాం ఆ సర్వీసును లేపగలదు, రెండవదానిలో ఎవరూ లేపలేరు. ఏ సర్వీసును నమ్ముకొని ఏది నడుస్తుందో తెలియనప్పుడు మాన్యువల్ దగ్గర ఆగడం మేలు.

విండోస్ తన అమర్పులను దాచుకొనే చోటు రిజిస్ట్రీ. దాన్ని మార్చే రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఇది ఇంకా కఠినం. అందులో 'సేవ్' లేదు, 'అన్‌డూ' లేదు. విలువ మార్చి సరే అన్న క్షణానే అమర్పు పూర్తయింది, దాని ఫలితమైన అమరిక మాత్రం చాలాసార్లు సైన్ అవుట్ చేసి వచ్చాకనో, రీస్టార్ట్ చేశాకనో కనిపిస్తుంది. ఫలితం కనబడలేదని అదే విలువను మూడుసార్లు మూడు రకాలుగా మార్చేవారు తర్వాత ఏది పనిచేసిందో చెప్పలేరు. ముందుగా ఆ విలువ ఉన్న కీ (రిజిస్ట్రీలో ఫోల్డరు వంటిది) మీద కుడి నొక్కు నొక్కి 'ఎక్స్‌పోర్ట్' చేసి పెట్టుకోవాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఆ ఫైలును తిరిగి ఎక్కిస్తే పాత విలువలు వెనక్కు వస్తాయి గాని, మధ్యలో మీరు కొత్తగా చేర్చినవి పోవు. అది కలుపుతుంది, తుడవదు. చేర్చినవాటిని చేతితో తీసెయ్యాలి.

సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో 'సేఫ్ బూట్' గడిలో టిక్కు పెట్టి మరచిపోవడం ఇంకొక పాత తంటా. తీసేదాకా యంత్రం ప్రతిసారీ కనీస హంగులతో నడిచే సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది. యంత్రం చెడిందనుకొంటారు. చెడలేదు, చెప్పింది వింటున్నది.

డిస్కును భాగాలుగా పంచే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మాత్రం 'అమరిక' అనే మాట తన పూర్తి అర్థంతో వెలుగుతుంది, ఎందుకంటే అక్కడ సంగతంతా వరసదే. డిస్కులో ఖాళీ చోటున్నా, ఒక భాగాన్ని పెంచే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకగా ఉండి నొక్కబడదు. ఆ ఖాళీ మీరు పెంచాలనుకొన్న భాగానికి కుడిపక్కన, ఆనుకొని ఉండకపోవడమే సాధారణంగా దానికి కారణం. మధ్యలో రికవరీ భాగం కూర్చొని ఉంటుంది. చోటు లేక కాదు, అమరిక లేక. ఇక్కడ 'సెట్టింగ్' అని ఎవరైనా అనగలరా?

డివైస్ మేనేజర్‌ను 'పరికర నిర్వాహకం' అన్నారు, బాగుంది. అందులో పసుపు త్రికోణం కనిపిస్తే ఆ పరికరం పేరు మీద రెండుసార్లు నొక్కి కోడ్ అంకె చూడండి. 28 అయితే డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కలేదు, 10 అయితే పరికరం మొదలు కాలేకపోయింది. అంకె చూడకుండా డ్రైవర్లు వెతకడం వృథా.

డిఫాల్ట్ సెట్టింగ్స్‌కు అనువాదంగా పెట్టిన 'అప్రమేయ అమరికలు' చూసి మీరు ఆగిపోయారంటే మీ భాషాజ్ఞానానికి లోటు లేదన్నమాట. సంస్కృతంలో ప్రమేయం అంటే కొలతకు, తెలివికి అందేది. అందనిది అప్రమేయం. విష్ణుసహస్రనామంలో 'అప్రమేయో హృషీకేశః పద్మనాభోఽమరప్రభుః' అని చదువుతాం. చిత్రంగా ఆ ఒక్క పంక్తిలోనే అప్రమేయుడూ ఉన్నాడు, అమరప్రభువూ ఉన్నాడు. అనువాదకుడు ఆ పంక్తి తలచుకొని 'అప్రమేయ అమరికలు' అన్నాడేమో అని నవ్వుకోవచ్చు గాని, ఆ 'అమర' మన 'అమరు' కాదు. అది 'చావు లేనివాడు' అనే సంస్కృత శబ్దం. రెండూ ఒకే రూపంలో కనిపించేసరికి అమరికను అమరులతో ముడిపెట్టి వ్యుత్పత్తులు చెప్పేవారున్నారు, నమ్మకండి.

అనువాదకుడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 'నా ప్రమేయం లేకుండా జరిగింది' అంటాం. తెలుగులో ప్రమేయానికి జోక్యం అనే అర్థం స్థిరపడింది. వాడుకరి జోక్యం లేకుండా ఉన్నది గనుక అప్రమేయం అన్నారు. ఊహ మంచిదే. కాని 'అ' చేరిన రూపం ముందే వేరే అర్థంలో, అందులోనూ దేవుడి పేరుగా, స్థిరపడి ఉన్నది. 'తిరిగి అప్రమేయానికి మార్చు' అనే మీట చూస్తే మోక్షానికి దారి అనిపిస్తుంది తప్ప డిఫాల్ట్ అని తోచదు. 'తొలి అమరిక' అంటే చాలదా? ఎవరూ అమర్చకముందే అమిరి ఉన్నది గనుక ఇక్కడ అమర్పు అనకూడదు, అమరికే అనాలి.

'పునరుద్ధరణ' ఇంకా ప్రమాదం. రిస్టోర్, రికవరీ, రీసెట్ మూడింటికీ ఈ ఒక్క మాటే వాడుతున్నారు. సిస్టమ్ రిస్టోర్ మీ సొంత ఫైళ్ల జోలికి పోదు. సిస్టమ్ ఫైళ్లను, డ్రైవర్లను, రిజిస్ట్రీని ముందటి ఒక తేదీ నాటి స్థితికి తీసుకెళ్తుంది, అదీ ఆ రోజున దాచిన స్థితి, అంటే రిస్టోర్ పాయింట్, నిలిచి ఉంటేనే. రీసెట్‌లో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకొన్నా మీరు ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయి, సెట్టింగులు పోతాయి. ఉద్ధరించుకొందామని నొక్కినవాడికి ఈ తేడా తెలియాలి కదా! రిస్టోర్‌ను 'వెనకటి స్థితికి తేవడం' అనీ, రీసెట్‌ను 'తొలి అమరికకు తేవడం' అనీ అంటే పొడుగే గాని ఎవరి కష్టమూ తుడిచిపెట్టుకుపోదు.

'నియంత్రణ ఫలకం' గురించి మీరు అడగలేదు. తప్పు లేదు, ఫలకం అంటే పలకే. 1985 నాటి తొలి విండోస్‌లోనే కంట్రోల్ ప్యానెల్ ఉంది. 2012లో విండోస్ 8తో సెట్టింగుల కొత్త తెర దాని పక్కన చేరింది. ఇప్పటికీ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి గనుక రెండు పేర్లూ కావాలి.

'నిర్వాహకుడిలా నడుపు' అనే మెనూ మాట కూడా కంటికి తగిలితే సరిదిద్దుకోండి. 'లా' అంటే పోలిక, 'గా' అంటే హోదా. నాటకంలో రాజులా నటిస్తాడు, పట్టాభిషేకం జరిగితే రాజుగా ఉంటాడు. విండోస్‌లో నిర్వాహకుడి ఖాతాతో లోపలికి వచ్చినా ప్రోగ్రాములు మామూలు అధికారంతోనే నడుస్తాయి. అనుమతి అడిగే తెర మీద అవునంటేనే పూర్తి అధికారం వస్తుంది. అది నిజమైన హోదా, వేషం కాదు. కనుక 'నిర్వాహకుడిగా'.

మరి 'సెట్టింగ్‌లు' తప్పా? తప్పనలేను. 'ఆ రంగు సెట్టయింది', 'గడియారం సెట్ చేశాను' అనే కుర్రకారు మాటలు గమనించండి. సెట్టయింది – అమిరింది. సెట్ చేశాను – అమర్చాను. మాట పరాయిదైనా స్థితికి 'అవు'ను, చేతకు 'చేయు'ను వాడి మన తేడాను మన పిల్లలు చక్కగా నిలుపుకొన్నారు. అనువాదకులే దాన్ని కలిపేశారు.

కాని రూపం విషయంలో పట్టుబడతాను. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. కారు, బస్సు, రోడ్డు అన్నట్లే సెట్టింగు, బహువచనం సెట్టింగులు. 'సెట్టింగ్‌లు' అని రాయడానికి 'గ్'కూ 'లు'కూ మధ్య కనబడని అడ్డు ఒకటి పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ల వత్తు గకారం కిందికి దిగి 'సెట్టింగ్లు' అవుతుంది. ఒకరు అడ్డు పెట్టి, ఇంకొకరు పెట్టక రాసిన మాటలు కంప్యూటర్‌కు రెండు వేరు మాటలు. అక్షరం అక్షరం పోల్చే వెతుకులాటలో ఒకటి టైపు చేస్తే రెండవది దొరకదు. 'సెట్టింగులు'కు ఏ అడ్డూ అక్కరలేదు.

కాబట్టి నా మట్టుకు తెర పేరుగా 'అమరికలు', అందులో మనం చేసే మార్పుకు 'అమర్పు' మేలు. కాని ఇప్పటికే 'అమర్పులు' అని పేరుపెట్టిన సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టలేను. అక్కడికి వెళ్లేది అమర్చడానికే కదా అని వారంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. వాడుక ఇంకా కుదురుకోలేదు. ఒకే తెర మీద మాత్రం రెండూ కలపకండి.