పొద్దు గూకితే ‘ఇంటికి పోవాల’ అంటున్న అమ్మగారికి

మతిమరుపు జబ్బుతో అనంతపురం వృద్ధాశ్రమంలో ఉన్న మీ అమ్మగారు రోజూ సాయంత్రం ‘ఇంటికి పోవాల’ అని గేటు పట్టుకుంటున్నారని రాశారు. ఇది రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా పెరిగిందా? అయితే ముందు డాక్టరుకు చూపించి, మూత్రపరీక్ష కూడా చేయించండి. ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎండకు ఒంట్లో నీరు తగ్గడం, ఏదైనా ఇట్లాగే బయటపడొచ్చు.

మెల్లగా ముదిరిందైతే పగటి నిద్ర అరగంటకు తగ్గించి, 3 గంటల తర్వాత టీ మాన్పించమనండి. చీకటి పడకముందే, 5:30కే, లైట్లన్నీ వేయించండి. మసక వెలుతురులో నీడలు మనుషుల్లా కనిపిస్తాయి. కరెంటు బిల్లని ఆశ్రమాలు ఆలస్యం చేసేది ఇక్కడే.

‘ఇదే నీ ఇల్లు’ అని వాదిస్తే ఇంకా రేగుతారు. ‘ఇంట్లో ఏం పనుందమ్మా?’ అని అడిగి, చేటలో చెనిక్కాయలు పోసి ఒలిచిపెట్టమనండి. గొంతుకు అడ్డంపడకుండా ఒకరు పక్కనే ఉండాల. డాక్టరు చూడకుండా నిద్రమాత్రకు మాత్రం ఒప్పుకోవద్దు: రాత్రి మత్తులో లేచి తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు.