పప్పు తినొచ్చు, ఉమ్మకూడదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. కింద కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉందట. ఈ ఏడాది మూడుసార్లు చిగురు వాచి నోరు తెరవలేకపోయాను. చిన్న ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు మా డాక్టరుగారు. మూడు వారాల్లో మా చెల్లి పెళ్లి. ఈలోపు చేయించుకోవచ్చా? పరగడుపున వెళ్లాలా? పప్పు, పెరుగు ముట్టుకుంటే చీము పడుతుంది, వారం రోజులు పథ్యం ఉండాలంటున్నారు మా అత్తయ్యగారు. నాకైతే తలుచుకుంటేనే వణుకొస్తోంది. (ఓ పాఠకురాలు, తెనాలి)

జవాబు: టీచరుగారూ, ముందు అత్తయ్యగారి సంగతి చూద్దాం. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఉన్న మాటే ఇది. పప్పుకీ చీముకీ ఏ సంబంధమూ లేదు. రెండిటి రంగూ చిక్కదనమూ చూసి ఏ కాలంలోనో ఎవరో ముడిపెట్టి ఉంటారు. చీము పట్టించేవి సూక్ష్మజీవులు. పుండు మానాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, పెరుగులో, గుడ్డులో బాగా దొరుకుతాయి. మెత్తగా మెదిపిన ముద్దపప్పు అన్నం, చల్లారాక, ఎడమవైపు నమలండి. పెరుగన్నం, రాగిజావ, పాలలో నానేసిన ఇడ్లీ, అన్నీ మంచివే. ఆవకాయ, జంతికలు, వేయించిన వేరుశనగ మాత్రం వద్దు. కారం మండిస్తుంది, పలుకులు గుంటలో ఇరుక్కుంటాయి. అత్తయ్యగారి దగ్గర ఈ పేజీ చదివి వినిపించండి, తప్పు నా మీద వేయండి.

అసలు పథ్యం వేరే ఉంది. అది నాకూ ఆలస్యంగానే తెలిసింది.

పంటి డాక్టర్‌నే అయినా, 26 ఏళ్లప్పుడు, పీజీ చదువుతుండగా నా జ్ఞానదంతం తీయించుకున్నాను. తీసింది నా క్లాస్‌మేటే, చక్కగా తీశాడు. ఇంటికొచ్చాక నోట్లో ఆ నెత్తురు రుచి పడక వాష్‌బేసిన్ దగ్గర నిలబడి అదేపనిగా ఉమ్మాను. సాయంత్రం గొంతు ఎండిపోతోందని కొబ్బరిబోండాం తెప్పించి, స్ట్రా వేసుకుని పీల్చాను. మూడో రోజు వరకూ బాగానే ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున చెవిలో మేకు దిగేసినట్టు నొప్పి. మాత్ర వేసుకున్నా లొంగలేదు. అద్దం ముందు నోరు తెరిచి, చెంచా కాడతో బుగ్గ పక్కకి లాగి, సెల్‌ఫోన్ లైటు వేసి చూసుకున్నాను. ముదురు ఎరుపు గడ్డ కనిపించాల్సిన గుంటలో బూడిదరంగు ఎముక కనిపించింది. డ్రై సాకెట్, అంటే నెత్తుటి గడ్డ ఊడిపోయి ఎముక బయటపడ్డ గుంట. మా ప్రొఫెసరుగారు గుంట కడిగి, లవంగ నూనె కలిసిన మందులో ముంచిన గుడ్డపీలిక లోపల పెట్టారు. పావుగంటలో నొప్పి దిగిపోయింది. "రోజూ పదిమందికి చెబుతావు కదమ్మా, ఆ పదిమందిలో నువ్వు లేవా?" అన్నారు.

పన్ను తీసిన గుంటలో కట్టే ఆ నెత్తుటి గడ్డే మీకు మందూ, కట్టూ. దాని మీదుగానే కొత్త కండ, ఆనక ఎముక పడతాయి. అది ఊడితే ఎముక బయటపడి ప్రాణం తోడేస్తుంది. ఉమ్మినవాళ్లందరికీ ఇలా అవుతుందని కాదు. కింది దవడ పళ్లకి, పొగ తాగేవాళ్లకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి ఎక్కువగా వస్తుంది. మీరు ఆ మాత్రలు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి.

కాబట్టి మొదటి రోజు: డాక్టరు పెట్టిన గాజు గుడ్డని ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోండి. ఎంత కారిందో చూద్దామని పది నిమిషాలకోసారి తీయకండి. లాలాజలం మింగేయండి. అందులో కాస్త ఎరుపు కలిసినా కంగారుపడొద్దు, నాలుగు చుక్కల నెత్తురు ఉమ్మిలో కలిస్తే బకెట్టుడు కనిపిస్తుంది. ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రా వద్దు. బోండాం నీళ్లు గ్లాసులో పోసుకుని తాగండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గ మీద పావుగంట పెట్టి, పావుగంట తీసేయండి, ఇది మొదటి రోజుకే. రాత్రి రెండు దిళ్లు వేసుకోండి. సూది మత్తు పూర్తిగా దిగకముందే నొప్పి మాత్ర పడాలి, దిగాక వేసుకుంటే నొప్పి వెనకాల మాత్ర పరిగెట్టాల్సి వస్తుంది. మర్నాటినుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నోరు తెరిచి జారవిడవండి. గడగడలాడించకండి.

ఇక పరగడుపు. చిగురు దగ్గర మత్తు సూది వేసి చేసే పనికి అక్కర్లేదు. నాలుగు ఇడ్లీలు తినే వెళ్లండి. 19 ఏళ్లలో నా కుర్చీలో కళ్లు తిరిగినవాళ్లలో ఎక్కువమంది భక్తిగా ఉపవాసం ఉండి వచ్చినవాళ్లే. పూర్తిగా నిద్రపుచ్చి చేస్తామంటేనే కడుపు ఖాళీగా ఉండాలి, ఎన్ని గంటలో వాళ్లు చెబుతారు. సూది తర్వాత మూడు నాలుగు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది. ఆ సమయంలో వేడి కాఫీ తాగితే కాలినా తెలియదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారంటారా? చిగురు కాస్త కోసి, అడ్డొచ్చిన ఎముక కొద్దిగా చెక్కి, పన్నుని ముక్కలు చేసి తీస్తారు. మొండి వేరుని ఒక్క పెట్టున లాగం కదా, నరికి ముక్కలుగా తీస్తాం, అలాగే. నొప్పి ఉండదు గానీ దవడ మీద ఒత్తిడీ, టకటక చప్పుడూ తెలుస్తాయి. ముందు రోజు డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఎక్స్‌రేలో పెదవికి వెళ్లే నరం ఈ పంటి వేర్లకి ఎంత దగ్గరగా ఉంది?" దగ్గరగా ఉంటే స్కాన్ తీయించి చూస్తారు. నరం నలిగితే కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉండిపోవచ్చు. చాలామందికి వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. అరుదుగా ఉండిపోతుంది కూడా. ఇది ముందే తెలుసుకుని సంతకం పెట్టడం మీ హక్కు.

పెళ్లికి మూడు వారాలుంటే చేయించుకోండి, చిగురు ఇప్పుడు వాచి లేకపోతేనే. వాపుంటే ముందు అది తగ్గించాలి. గురువారం పెట్టుకోండి. వాపు రెండు మూడు రోజులకి బాగా పెరుగుతుంది, అంటే శని, ఆదివారాల్లో బూరెబుగ్గతో ఇంట్లోనే ఉంటారు. మంగళవారానికి బడికి వెళ్లగలరు, పాఠం మాత్రం బోర్డు మీద రాయించండి. వారానికి కుట్లు తీస్తారు, కరిగిపోయే దారమైతే అదీ లేదు. నోరు పూర్తిగా తెరుచుకోవడానికి మరో వారం పట్టొచ్చు. పెళ్లి ఫొటోలకి ఢోకా లేదు. ఆదివారం చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి గనక డాక్టరుగారి నంబరు రాసి ఉంచుకోండి. గుడ్డ కొరికి గంటయినా నెత్తురు ధారగా కారుతున్నా, మూడో రోజు దాటాక వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఫోన్ చేయండి. మింగడానికో, ఊపిరికో ఇబ్బందైతే ఫోన్ కూడా వద్దు, నేరుగా పెద్దాసుపత్రికి.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. గుండెలో స్టెంట్ ఉంది, నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఎకోస్ప్రిన్ మాత్ర వేసుకుంటారు. పన్ను తీయించుకోవాలి కదా, నెత్తురు ఆగదేమోనని మూడు రోజులుగా తనే మాత్ర మానేశారు. (ఓ పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఇది చదివిన వెంటనే గుండె డాక్టరుకి ఫోన్ చేసి, మాత్ర మానేసిన సంగతి చెప్పండి. పంటి గుంటలో నెత్తురుని గుడ్డ పెట్టి, కుట్టు వేసి నేను ఆపగలను. స్టెంట్‌లో నెత్తురు గడ్డకడితే నా చేతిలో ఏమీ ఉండదు. పన్ను తీయడానికి ఎకోస్ప్రిన్ మామూలుగా ఆపం. నెత్తురు పలచబరిచే అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లకయితే ముందు ఐఎన్‌ఆర్ పరీక్ష, అంటే నెత్తురు ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష, చూస్తాం. షుగరు ఉంటే పొద్దున్నే, టిఫినూ మాత్రా అయ్యాక తీసుకురండి. ఎముకల బలానికి ఏడాదికోసారి ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఆ మందు వల్ల దవడ ఎముక మానడం ఆలస్యం కావొచ్చు. అన్నిటికన్నా సులువు, నాన్నగారి మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకొచ్చేయడం.

ప్రశ్న: పై పన్ను తీయిస్తే చూపు తగ్గుతుందా? మా తాతగారికి అలాగే అయింది. (ఇంటర్ విద్యార్థి, ఏలూరు)

జవాబు: తగ్గదు. పై పళ్ల నరం వేరు, చూపుకి పనిచేసే నరం వేరు, రెండూ మెదడులోంచి వేర్వేరుగా బయల్దేరతాయి. తాతగారికి పన్ను తీసేటప్పటికి ఎన్నేళ్లో కనుక్కో. నలభై దాటి ఉంటే, ఆ ఏడాదే ఆయనకి చత్వారం కూడా వచ్చి ఉంటుంది.