మెయిన్ దించేశాం కదా అని వైరు ముట్టుకోకండి

"లైటు స్విచ్ పాడైంది, మెయిన్ ఆఫ్ చేసి నేనే మార్చుకోవచ్చా?" అని అడిగారు. మార్చుకోవచ్చు. కానీ మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందో లేదో రాయలేదు. నేనైతే ముందు అదే అడుగుతాను.

మాది పలాస దగ్గర పల్లెటూరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. ఆ మరుసటి ఏడాది మావయ్య ఇన్వర్టర్ కొన్నాడు. వైరింగ్ చేసిన కుర్రాడు లైట్లు, ఫ్యాన్లు ఇన్వర్టర్‌కి కలిపి, ప్లగ్గులు మెయిన్ లైన్‌లోనే ఉంచేశాడు. అంటే ఒకే బోర్డులో రెండు ఫేజులు (కరెంటు తెచ్చే వైర్లు), ఒకటి మెయిన్‌ది, ఇంకోటి ఇన్వర్టర్‌ది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

ఒక వర్షాకాలం వంటింటి లైటు స్విచ్ ఆఫ్‌లోనే ఇరుక్కుపోయింది. మావయ్య మెయిన్ దించి, పక్కనున్న ప్లగ్గులో టెస్టర్ పెట్టి చూశాడు. వెలగలేదు. స్టూలెక్కి బోర్డు విప్పాడు. నేను గుమ్మంలో నిలబడి టార్చి పట్టుకున్నాను. వెనకాల హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది. దాని గాలి నా వీపుకి తగులుతూనే ఉంది. మెయిన్ దించితే ఫ్యాన్ ఎలా తిరుగుతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు! స్క్రూ వదులు చేసి వైరు వేళ్ళతో పట్టుకున్నాడు. ఒక్క కేక పెట్టి వెనక్కి పడ్డాడు. మోచెయ్యి సన్నికల్లుకి కొట్టుకుంది. "ఓలమ్మో" అంటూ అత్త పరిగెత్తుకొచ్చింది. ఆసుపత్రిలో ఈసీజీ తీసి పర్వాలేదనేదాకా నా టెన్షన్ తగ్గలేదు. ఆయన చెయ్యి మాత్రం సాయంత్రం దాకా తిమ్మిరిగానే ఉంది.

అందుకే మెయిన్ దించండి, ఇన్వర్టర్ కూడా ఆఫ్ చేయండి. రెండూ చేయాలి. చాలా ఇన్వర్టర్లలో ముందున్న బటన్ ఆఫ్ చేసినా, మెయిన్ ఉంటే కరెంటు నేరుగా దాటి వస్తుంది. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందని చూసుకుని, అప్పుడు అన్నీ ఆపి, మీరు విప్పబోయే స్విచ్ స్క్రూల మీదే పెట్టండి, రెండు స్క్రూల మీదా. విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఒక స్విచ్ నుంచి ఇంకోదానికి ఫేజు లూపు వేసి ఉంటుంది, అది మరిచిపోతే మిగతావి పనిచేయవు. లైటుకి 6 యాంపుల స్విచ్ చాలు. స్క్రూ మాత్రం గట్టిగా బిగించండి, వదులైతే వేడెక్కి నల్లబడుతుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. కొందరు స్విచ్‌కి ఫేజు బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఇచ్చేస్తారు. లైటు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. కానీ స్విచ్ ఆఫ్ చేసినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. బల్బు మార్చడానికి ఇంట్లో ఆడవాళ్ళో పిల్లలో చెయ్యి పెడతారు. డబ్బులు తీసుకుని ఇలా చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎర్ర వైరు ఉంది కదా, అదే ఫేజు అని కూడా నమ్మకండి, చేతికి ఏ రంగు దొరికితే అది లాగేసిన ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి.

ఇప్పుడు మావయ్య ఇంట్లో ప్రతి బోర్డు మీదా ఎర్ర పెయింటుతో "ఇన్వర్టర్" అని రాసి ఉంటుంది. నేనే రాశాను.