దసరాకి పాట రావాలంటే వినాయక చవితికే ఫైలు ఎక్కాలి

ప్రశ్న: అమ్మవారి మీద ఒక పాట చేశాం. శరన్నవరాత్రుల మొదటిరోజున యూట్యూబ్‌లో వీడియో, స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్‌లలో ఆడియో ఒకేసారి రావాలని మా కోరిక. ఆడియో మాస్టరింగ్ (ఆఖరి మెరుగు) అయిపోయింది, వీడియో ఎడిటింగ్ ఇంకా నడుస్తోంది. అన్నీ పూర్తయ్యాక కలిపి పంపిద్దామా? – ఒక పాఠకుడు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: వీడియో కోసం ఆడియోని ఆపకండి. వీడియో మీ చేతిలో పని, రాత్రి ఎక్కించి పొద్దున్నే వదలొచ్చు. ఆడియో అలా కాదు. డిస్ట్రిబ్యూటర్, అంటే పాటని మీ తరఫున అన్ని ప్లాట్‌ఫామ్‌లకీ చేరవేసే కంపెనీ ద్వారానే వెళ్లాలి, ముందు వాళ్లు చూసి పాస్ చేయాలి, ఆ తర్వాత ఒక్కో ప్లాట్‌ఫామ్ దాని తీరిక ప్రకారం తీసుకుంటుంది. ఒకచోట రెండు రోజులు పడితే ఇంకోచోట వారం పడుతుంది. వినాయక చవితికీ ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికీ మధ్య సుమారు 26 రోజులుంటాయి. చవితినాటికి ఎక్కించేస్తే, ఒకసారి వెనక్కి కొట్టినా సరిచేసి మళ్లీ పంపే వ్యవధి దొరుకుతుంది. ‘వీలైనంత త్వరగా’ అన్న ఆప్షన్ జోలికి పోకుండా విడుదల తేదీని మీరే వేయండి. వేయకపోతే పాట తయారైనవెంటనే బయటికొచ్చేస్తుంది.

ఆడియో వేవ్ ఫైలుగా ఇవ్వాలి, 44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్. ఎంపీ3ని వేవ్‌గా మార్చి పెడితే సైజు పెరుగుతుందే గానీ పోయిన నాదం తిరిగి రాదు. డప్పులు అదరాలని మాస్టర్‌ని మరీ గట్టిగా తోయడమూ దండగే. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తంగా ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, మీరు పెంచిందంతా అక్కడ తగ్గిపోతుంది. పీక్ (పాటలో అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటు) మైనస్ 1 డీబీ దాటకుండా చూసుకోండి.

ఎక్కువసార్లు తిరిగొచ్చేది కవర్ బొమ్మ వల్లే. 3000 బై 3000 పిక్సెళ్ల చతురస్రం, ఆర్‌జీబీ, జేపీజీ ఇవ్వండి. దాని మీద ఫోన్ నంబరు, వెబ్ చిరునామా, ఇన్‌స్టా ఐడీ, ‘ఇప్పుడు యూట్యూబ్‌లో’ లాంటి మాటలు, ప్లాట్‌ఫామ్‌ల లోగోలు ఉండకూడదు. నిర్మాత, సమర్పణ, స్పాన్సర్ ఫోటోలు పేర్చడానికి అది కూడలిలో కట్టే ఫ్లెక్సీ కాదు. బొమ్మ మీద వేసిన పాట పేరు, గాయకుల పేరు మీరు ఫారంలో నింపినవాటితో సరిపోలాలి.

పాట స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో (కళాకారులు తమ పేజీని చూసుకునే చోటు) రాబోయే విడుదలగా కనబడగానే అక్కడినుంచే ప్లేలిస్టులు కట్టే స్పాటిఫై ఎడిటర్లకి పంపండి. ఇది విడుదలకి ముందే చేయాలి, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. కనీసం 7 రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకి కొత్త పాటలు వినిపించే ప్లేలిస్టు, రిలీజ్ రాడార్‌లోకీ ఈ పాటే వెళ్తుంది. రాయడానికి 500 అక్షరాలిస్తారు. ‘హృదయాన్ని తాకే గీతం’ అని పొగుడుకోవద్దు. తెలుగు, నవరాత్రి పాట, వాయిద్యాలేవి, ప్రచారానికి మీరేం చేయబోతున్నారు, ఇవి రాస్తే చాలు.

ఇక ‘ఒకేసారి’ అన్నారు, అసలు చిక్కంతా అందులోనే ఉంది. ఆడియో ప్లాట్‌ఫామ్‌లు మామూలుగా ఏ దేశంలో ఆ దేశపు అర్ధరాత్రికి వదులుతాయి. న్యూజిలాండ్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి మనకి ముందురోజు సాయంత్రం నాలుగున్నరో ఐదున్నరో. న్యూయార్క్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి మనకి పొద్దున తొమ్మిదిన్నర, చలికాలమైతే పదిన్నర. మీరు రాత్రి 12కే వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెడితే అమెరికాలో ఉన్న బంధువులు ‘రావట్లేదు’ అని మెసేజ్‌లు పెడతారు. యూట్యూబ్ ప్రీమియర్ మాత్రం ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలవుతుంది. అందుకని ప్రీమియర్‌ని మన టైము ప్రకారం ఉదయం పదకొండుకి పెట్టుకుని, అన్ని లింకులూ కలిపిన పేజీని కూడా అప్పుడే పంచండి.

ప్రశ్న: నా రెండో పాట నా పేజీలో రాలేదు. అదే పేరున్న వేరే గాయకుడి కింద చేరింది. – పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదటి పాటకీ రెండో పాటకీ పేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరమో, ఇంటిపేరు చుక్కో తేడా పడి ఉంటుంది, లేదా ఫారంలో ‘కొత్త ఆర్టిస్ట్’ అని టిక్ పెట్టి ఉంటారు. డిస్ట్రిబ్యూటర్‌కి మీ స్పాటిఫై, యాపిల్ పేజీల లింకులిచ్చి ఆ పాటని అక్కడికి మార్చమనండి. ఇంకో సంగతి. గీత రచయిత, స్వరకర్త పేర్లు చాలాచోట్ల పూర్తిగా అడుగుతారు. మనవాళ్లు అలవాటుగా ఇంటిపేరుని ఒక్క అక్షరంతో సరిపెడతారు, దాంతో ఫారం తిరిగొస్తుంది. ఇంటిపేరు విప్పి రాయండి. తోడు పాడినవాళ్లని పాట పేరు పక్కన తగిలించకుండా, వాళ్లకున్న గడిలోనే చేర్చండి.

ప్రశ్న: మా చానల్లో మా పాటకే కాపీరైట్ క్లెయిమ్ పడింది! – పాఠకురాలు, తెనాలి

జవాబు: కంగారు వద్దు, అది స్ట్రైక్ (చానల్ మీద పడే శిక్ష) కాదు. పాట ఎక్కించేటప్పుడు కంటెంట్ ఐడీకి (ఏ వీడియోలో మీ పాట ఉన్నా యూట్యూబ్ తానే పట్టుకునే ఏర్పాటుకి) టిక్ పెట్టారు. ఆ క్లెయిమ్ మీ డిస్ట్రిబ్యూటర్ తరఫున పడిందే. మీ చానల్‌ని మినహాయింపు జాబితాలో చేర్చమని వాళ్లకి రాస్తే తీసేస్తారు. వీడియో వదలకముందే ఈ పని చేసుంటే రెవెన్యూ అటూ ఇటూ తిరగదు. అయితే పాటలో కొన్న బీటుగానీ, అందరికీ దొరికే రెడీమేడ్ సంగీతపు ముక్క, అంటే లూపుగానీ ఉంటే కంటెంట్ ఐడీ అసలు పెట్టకండి. అదే లూపు వాడిన ఊరూపేరూ తెలియనివాళ్ల వీడియోల మీద క్లెయిములు పడి, గొడవ చివరికి మీ ఖాతా మీదికి వస్తుంది.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్ని మారిస్తే ఇప్పటిదాకా వచ్చిన ప్లేల లెక్క పోతుందా? – పాఠకుడు, మంగళగిరి

జవాబు: ఐఎస్‌ఆర్‌సీ మారకపోతే సాధారణంగా పోదు. పాట రికార్డింగుకి ఉండే 12 అక్షరాల గుర్తింపు అది. పాత ఖాతాలోంచి ఆ కోడ్ రాసిపెట్టుకుని, అదే ఆడియో, అదే పేరు, అదే కోడ్‌తో కొత్తచోట ఎక్కించండి. అన్ని ప్లాట్‌ఫామ్‌లలో కనబడ్డాకే పాతది తీయించండి. ముందే తీయిస్తే ప్లేలిస్టుల్లోంచి జారిపోతుంది. వీడియోకి వేరే కోడ్ ఉంటుంది, ఆడియోది వాడొద్దు.

ప్రశ్న: స్పాటిఫైలో మా పాట 800 సార్లు విన్నారు. పైసా రాలేదేం? – పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: 2024 నుంచి అక్కడ గత 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీములు లేని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కకట్టరు. దాటాక కూడా డబ్బు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. డిస్ట్రిబ్యూటర్ అమెరికా కంపెనీ అయితే, విదేశీయులు తమ పన్ను వివరాలిచ్చే డబ్ల్యూ-8బెన్ ఫారంలో పాన్ నంబరిచ్చి నింపండి. నింపితే అమెరికాలో వచ్చిన రాయల్టీ మీద పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం, లేకపోతే 30 శాతం కోసేస్తారు. రచయితకీ స్వరకర్తకీ వచ్చే వాటా వేరే లెక్క. అందుకు ఇద్దరూ, రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై, పాటని అక్కడ నమోదు చేయించుకోవాలి.