రన్ అనే మాటకు నిజంగా 645 అర్థాలున్నాయా? అన్నీ గుర్తుపెట్టుకునేదెలా?

మీరు రెండు సంగతులు అడిగారు. రన్ అనే మూడక్షరాల ఇంగ్లీషు మాటకు 645 అర్థాలున్నాయని చదివారట, అది నిజమేనా అని. మీ పై అధికారి ఒక నివేదిక గురించి 'రన్ ఇట్ బై మీ' అని రాస్తే ఎక్కడికి పరుగెత్తించాలో తెలియలేదట, ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకునేదెలా అని. యంత్రాలతో పాటు వచ్చే వాడుక పుస్తకాలను తెలుగులోకి మార్చడం నా వృత్తి. ఈ మాట చేతిలో తిన్న దెబ్బలు చాలానే ఉన్నాయి కాబట్టి జవాబిస్తున్నాను.

ముందు లెక్క సంగతి. 645 అన్నది గాలివార్త కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు 2011లో ఈ మాటను తిరగరాసినప్పుడు ఒక్క క్రియాపదానికే తేలిన సంఖ్య అది. నామవాచకం లెక్క వేరే. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క మాట ముందు తొమ్మిది నెలలకు పైగా కూర్చున్నారు. అంతకుముందు చాలాకాలం అన్నింటికంటే ఎక్కువ అర్థాలున్న మాట అనే పీట సెట్‌ది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో దానికి 430 అర్థాలు చూపించారు. తర్వాత మేక్, పుట్ దాన్ని మించిపోయాయి. ఆఖరున రన్ వచ్చి అన్నింటినీ వెనక్కి నెట్టింది, పేరు నిలబెట్టుకుంటూ.

అయితే ఆ అంకె చూసి బెంబేలెత్తకండి. ఆ నిఘంటువు ఎన్నడో వాడుక తప్పిన అర్థాలను కూడా పారేయదు, పైగా ఉన్నవాటిని చాలా సన్నగా తరుగుతుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో తయారైన వర్డ్‌నెట్ అనే కంప్యూటర్ నిఘంటువు ఇదే క్రియకు 41 అర్థాలతో సరిపెట్టింది. తరిగే చేతిని బట్టి ముక్కల లెక్క! మన కొట్టు అనే క్రియను తీసుకోండి. ఈత కొడతాం, గంట కొడతాం, టైపు కొడతాం, సొంత డబ్బా కొడతాం, గోడకు రంగు కొడతాం, దేనివల్లనో వాసన కొడుతుంది. ఎవరైనా కూర్చుని లెక్కపెడితే ఎన్ని తేలతాయో. వాటిలో ఒక్కటి కూడా మనం జాబితా పెట్టుకుని నేర్చుకున్నది కాదు.

ఇక నా దెబ్బల్లో పెద్దది చెబుతాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక నీటి పంపు వాడుక పుస్తకం చేతికొచ్చింది. నాలుగో పేజీలో, అత్యవసరంగా పంపును ఆపే పద్ధతిని సిబ్బందితో ఒకసారి డ్రై రన్ చేయించాలని ఉంది. డ్రై అంటే పొడి, రన్ అంటే నడపడం. 'సిబ్బంది చేత పంపును ఒకసారి నీళ్లు లేకుండా నడిపించండి' అని రాసి ముందుకు పోయాను. పదకొండో పేజీలో పంపు ఎప్పుడూ రన్ డ్రై కాకూడదన్న హెచ్చరిక. 'నీళ్లు లేకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ నడపరాదు' అని రాశాను. అది మాత్రం ఒప్పు. పంపులోంచి నీళ్లు బయటికి కారకుండా ఆపే సీలు అనే భాగాన్ని చల్లగా ఉంచేది అందులో పారే నీళ్లే, అవి లేకపోతే అది వేడెక్కి పాడైపోతుంది.

కాగితాలు సరిచూసిన ఇంజనీరు నాలుగో పేజీ అంచున ఎర్ర పెన్సిలుతో ఇలా రాసి పంపారు: 'ఇక్కడ నడపమన్నారు. పదకొండులో వద్దన్నారు. పంపు ఎవరి మాట వినాలి?'

డ్రై రన్ అంటే అసలు పని మొదలు కాకముందు చేసి చూసుకునే రిహార్సల్. రన్ డ్రై అంటే నీళ్లు అడుగంటడం, లేదా నీళ్లు లేకుండా తిరగడం. ఉన్నవి అవే రెండు మాటలు, ముందువెనకలు మారాయి, అంతే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత నాకొక అలవాటు పడింది. రన్ కనిపించగానే అర్థం వెతకను, రన్ అయ్యేది ఏమిటో చూస్తాను. మనిషైతే పరుగెత్తుతాడు. ముక్కు అయితే కారుతుంది. కుళాయి అయితే నీళ్లు వస్తున్నాయి. ఉతికిన బట్టలో రంగయితే దిగిపోతోంది. రోడ్డయితే ఏ చెరువు వెంబడో పోతుంది. కంప్యూటర్ ప్రోగ్రామయితే పనిచేస్తోంది. ఒప్పందమైతే ఫలానా తేదీ వరకు అమల్లో ఉంటుంది. నాటకమైతే ఇన్ని రోజులు ఆడింది. కర్త తెలిస్తే చాలావరకు తెలుగు క్రియ దానంతట అదే నోటికొస్తుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ఇంగ్లీషు వాళ్లు పరుగెత్తించే చోట మనం తాపీగా నడిపిస్తాం. వ్యాపారం నడుపుతాం, బడి నడుపుతాం, ప్రభుత్వాన్ని నడుపుతాం, కోర్టులో కేసు నడుస్తుంది. వాళ్లకు ఇవన్నీ రన్ అవుతాయి. ఎన్నికల దగ్గర ఇంకా బాగుంటుంది. అమెరికాలో అభ్యర్థి రన్ అవుతాడు, బ్రిటన్‌లో అభ్యర్థి స్టాండ్ అవుతాడు. మనవాళ్లూ ఎన్నికల్లో నిలబడతారు కదా! అందుకే అమెరికా వార్త తర్జుమా చేసేటప్పుడు 'పరుగు' అనే మాటను దగ్గరికి రానివ్వకండి, 'పోటీ చేస్తున్నారు' అనండి.

ఇన్ని అర్థాలకూ మూలం ఎక్కడుందంటే, పాత ఇంగ్లీషులోనే ఈ మాటకు పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలు. జర్మన్‌లో దీని చుట్టం రిన్నెన్ అంటే ఇప్పటికీ ప్రవహించడమే. ఇది తెలిసిన రోజు నాకు మన పారు గుర్తొచ్చింది. నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు, ఒక్కోసారి పాచిక పారుతుంది. నీటి పరుగు, కాళ్ల పరుగు, పని సాగడం అన్నీ ఒకే మాటలో. రన్ కూడా ఆ తోవనే వచ్చింది. ఆగకుండా సాగేది ఏదైనా దాని కిందికి చేరింది. యంత్రాలు వచ్చాక అవి రన్ అయ్యాయి, కంప్యూటర్లు వచ్చాక ప్రోగ్రాములు రన్ అయ్యాయి.

నామవాచకాల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది బ్యాంకు మీద వచ్చే రన్. బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో డబ్బు దాచుకున్నవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తీసుకోవడానికి ఎగబడటం. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఖాతాదారులు ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు. మర్నాడే బ్యాంకు మూతపడింది. వాళ్లలో చాలామంది కుర్చీలోంచి లేవకుండానే, ఫోనులోనో కంప్యూటర్‌లోనో మీట నొక్కి ఆ పని చేశారు. అయినా దాని పేరు రన్నే. ఇక క్రికెట్ పరుగు మీకు నేను చెప్పనక్కర్లేదు. బంతి నేరుగా గీత దాటితే బ్యాటరు కదలకుండానే ఆరు పరుగులు వస్తాయి కదా, అది కూడా ఈ కోవలోదే.

కర్తను చూసే ఈ పద్ధతి రన్ పక్కన అవుట్, ఓవర్, ఇంటు, డౌన్ లాంటివి చేరినప్పుడు పనిచేయదు. వాటిని విడగొట్టకుండా జంటగానే నేర్చుకోవాలి, అడ్డదారి లేదు. క్రికెటర్ రన్ అవుట్ అవుతాడు, ప్రింటర్‌లో కాగితం కూడా రన్ అవుట్ అవుతుంది, అంటే అయిపోతుంది. దారిలో స్నేహితుడు ఎదురుపడితే రన్ ఇంటు, కారు చెట్టును గుద్దుకున్నా రన్ ఇంటు. అన్నింటిలోకి రన్ డౌన్ పాడుది. బ్యాటరీ అయిపోవడం, భవనం శిథిలం కావడం, మనిషి నీరసించడం, ఒకరిని పట్టుకుని తీసిపారేసినట్టు మాట్లాడటం, మనిషిని బండితో గుద్ది పడేయడం, అన్నీ అదే. వీటి కోసం నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. అందులో అర్థం రాయను, నాకు ఎదురైన వాక్యం మొత్తం రాసుకుంటాను. అర్థం మరిచిపోయినా వాక్యం గుర్తుంటుంది.

మీ అధికారి రాసిన మాటను కూడా నిన్ననే అందులో ఎక్కించాను. నివేదికను ఎవరికైనా పంపేముందు ఒకసారి తనకు చూపించి, తన అభిప్రాయం కనుక్కోమంటున్నారు. ఇంకా పంపకపోతే ఇప్పుడే చూపించండి.